'అన్నిటికీ ఇదే' అని రాసి ఉన్న గడి: ఐదు ఆపరేటింగ్ సిస్టమ్‌ల గైడ్‌ను తిరగరాసిన కేస్ స్టడీ

ఆ ఉదయం సర్వీస్ లేవలేదు. ప్యాచ్ కోసం ముందే అనుకున్న రీస్టార్ట్ అది, పది నిమిషాల పని. సొలారిస్ 10 అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే సర్వర్ మీద అప్లికేషన్‌ను ఆపాం, మళ్ళీ స్టార్ట్ చేశాం, రెండు సెకన్లలోనే పడిపోయింది. డేటాబేస్ సర్వర్ పేరు దొరకడం లేదని లాగ్‌లో ఉంది. ఆ పేరు మేం మూడు రోజుల కిందటే మార్చాం. మార్చాక ఒకసారి రీస్టార్ట్ చేసి చూశాం కూడా, బాగానే నడిచింది. ఇప్పుడు కాన్ఫిగరేషన్ ఫైల్ తెరిస్తే పాత పేరే కనిపిస్తోంది.

ఎవరో వెనక్కి మార్చారనుకున్నాం. ఎల్‌ఎస్ మైనస్ ఎల్ అనే కమాండ్ కొట్టి ఫైల్ తేదీ చూస్తే మరింత అయోమయం. వారం కిందటి తేదీ ఉంది. అంటే మేం మూడు రోజుల కిందట చేసిన మార్పు అసలు జరగనే లేదన్నట్టు! టీమ్‌లో ఒకరినొకరు అనుమానంగా చూసుకోవడం అక్కడే మొదలైంది. ఎల్‌ఎస్ మైనస్ ఎల్‌సీ కొట్టాక గానీ విషయం తేలలేదు. మామూలు ఎల్‌ఎస్ చూపించేది ఫైల్‌లోని విషయం మారిన సమయం. దాన్ని ఏ ప్రోగ్రామ్ అయినా వెనక్కి జరపగలదు. మైనస్ సీ చూపించేది ఫైల్ ఐనోడ్ (ఫైల్ గురించి సిస్టమ్ రాసుకునే వివరాల చీటీ) మారిన సమయం, దాన్ని అంత తేలిగ్గా మార్చలేరు. అందులో ముందురోజు రాత్రి 11:40 అని ఉంది. ఆ ఒక్క ఫైల్‌కే కాదు, ఆ డైరెక్టరీలో ఉన్న అన్ని ఫైళ్ళకూ అదే నిమిషం.

ఆ సమయానికి రాత్రి షిఫ్ట్‌లో ఉన్న మా టీమ్ తమ్ముడికి ఫోన్ చేశాను. "నేనేం మార్చలేదన్నా. పాత సెట్టింగ్ ఒకటి చూడమన్నారు కదా, బ్యాకప్‌ను టెంప్‌లో విప్పి చూద్దామనుకున్నాను. విప్పితే అందులో ఏమీ లేదు. బ్యాకప్ సరిగ్గా పడలేదేమో అనుకుని ఆ విలువ ఇంకో సర్వర్‌లో చూసుకున్నాను" అన్నాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. టెంప్ కింద చెక్ అనే డైరెక్టరీ ఇంకా ఖాళీగానే ఉంది.

జరిగింది ఇది. రాత్రిపూట నడిచే బ్యాకప్ స్క్రిప్ట్ ఆ కాన్ఫిగరేషన్ డైరెక్టరీని స్లాష్‌తో మొదలయ్యే పూర్తి పాత్‌తో (ఫైల్ ఉన్న చోటి చిరునామాతో) టార్ చేస్తుంది, అంటే ఫైళ్ళన్నిటినీ ఒకే ఆర్కైవ్‌లో కట్టేస్తుంది. లినక్స్‌లో ఉండే గ్నూ టార్ అయితే ఆర్కైవ్ చేసేటప్పుడూ విప్పేటప్పుడూ మొదటి స్లాష్‌ను తీసేస్తుంది, తీసేస్తున్నానని ఒక లైన్ చెబుతుంది కూడా. అందుకే లినక్స్ మీద పెరిగినవాళ్ళకు 'ఎక్కడ విప్పితే అక్కడే పడుతుంది' అనేది ఊపిరి పీల్చుకున్నంత సహజం. సొలారిస్‌తో వచ్చే టార్ పాత పద్ధతిలోనే ఉంటుంది. స్లాష్ ఉంటే ఉన్నట్టుగానే దాస్తుంది, విప్పేటప్పుడు నువ్వు ఎక్కడ నిలబడ్డావో పట్టించుకోదు, నేరుగా అసలు చోటికే వెళ్ళి రాస్తుంది. ఆ బ్యాకప్‌లు రూట్‌కు, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌కు, మాత్రమే కనిపిస్తాయి కాబట్టి తమ్ముడు రూట్‌గా ఉన్నాడు, అడ్డం చెప్పేవాళ్ళు లేరు. వారం కిందటి ఫైళ్ళు, వారం కిందటి తేదీలతో సహా, నడుస్తున్న కాన్ఫిగరేషన్ మీద పడ్డాయి. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. అప్లికేషన్ అప్పటికే సరైన కొత్త విలువలను చదివేసుకుని మెమరీలో పెట్టుకుంది కాబట్టి ఆ రాత్రి ఏమీ తెలియలేదు. రీస్టార్ట్ దాకా ఆ తప్పు అక్కడ నిద్రపోయింది.

ఇక్కడి దాకా అయితే ఇది ఒక సాధారణ ప్రమాదం. దీన్ని నేను కేస్ స్టడీగా రాయడానికి కారణం వేరే. తమ్ముడు పని మొదలుపెట్టే ముందు, ఏ సిస్టమ్‌లో ఏ పనికి ఏ కమాండో చెప్పే మా గైడ్ పట్టిక తెరిచి చూశాడు. చూడమని మేమే అందరికీ చెప్పాం. అందులో 'ఆర్కైవ్ విప్పడం' అనే వరుసలో ఐదు గడులను కలిపేసి ఒకే మాట ఉంది: 'టార్ ఎక్స్‌ఎఫ్, ఫైల్ పేరు. అన్నిటికీ ఇదే.' అతను గైడ్ చెప్పినట్టే చేశాడు. తప్పు గైడ్‌ది.

(కమాండ్లన్నీ ఫోన్‌లో ఒకరికొకరు చెప్పుకునేటట్టే ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలో ఉన్నవాళ్ళకు అది కొత్తేమీ కాదు.)

పట్టిక ఎలా పుట్టింది

మా టీమ్ చూసుకునేవి ఎక్కువగా లినక్స్ సర్వర్లు. వాటితో పాటు యూనిక్స్ కుటుంబంలోనివే కొన్ని సొలారిస్, కొన్ని ఏఐఎక్స్, రెండు మూడు ఫ్రీబీఎస్‌డీ, ఇంకా విండోస్ సర్వర్లు. ఎవరికీ అన్నీ రావు. అందుకని ఎప్పుడో ఒకరు ఒక స్ప్రెడ్‌షీట్ మొదలుపెట్టారు. నిలువు వరుసల్లో ఆపరేటింగ్ సిస్టమ్‌లు, అడ్డ వరుసల్లో పనులు. డిస్క్ ఎంత నిండిందో చూడాలంటే లినక్స్‌లో డీఎఫ్ మైనస్ హెచ్, ఏఐఎక్స్‌లో డీఎఫ్ మైనస్ జీ. సర్వీసుల స్థితి చూడాలంటే లినక్స్‌లో సిస్టమ్‌కంట్రోల్, సొలారిస్‌లో ఎస్‌వీసీఎస్, ఏఐఎక్స్‌లో ఎల్‌ఎస్‌ఎస్‌ఆర్‌సీ, విండోస్‌లో గెట్ సర్వీస్. ఇలాంటి పట్టికలు ఈ పనిలో ఉన్న ప్రతి ఒక్కరూ ఏదో ఒక రోజు తయారు చేసుకుంటారు. అవి ఉపయోగపడతాయి కూడా. ఏఐఎక్స్ ముందు మొదటిసారి కూర్చున్నవాడికి ఎర్రర్ లాగ్ ఎక్కడుందో తెలియదు, ఈఆర్‌ఆర్‌పీటీ అనే మాట దొరికితే చాలు, సగం టెన్షన్ తగ్గుతుంది.

సమస్య పేర్లు వేరుగా ఉన్న చోట రాలేదు. ఎల్‌ఎస్‌ఎస్‌ఆర్‌సీని లినక్స్‌లో కొడితే అలాంటి కమాండ్ లేదని వెంటనే చెబుతుంది, నష్టం లేదు, మళ్ళీ గైడ్ చూసుకుంటాం. పేరు ఒకటే ఉండి పని వేరుగా ఉన్న చోటే ప్రమాదం. అక్కడ కమాండ్ నడుస్తుంది, ఏదో ఒకటి చేస్తుంది, నువ్వు అనుకున్నదే చేసిందని నమ్మిస్తుంది. మా పట్టిక సరిగ్గా ఆ గడులనే కలిపేసి 'అన్నిటికీ ఇదే' అని రాసింది. ఎక్కువ జాగ్రత్త కావలసిన చోటే జాగ్రత్త అక్కర్లేదని చెప్పింది.

ఆ వారం మిగతా పనులు పక్కన పెట్టి కలిపేసిన గడులన్నిటినీ బయటికి తీశాం. ఒక్కోదాన్నీ టెస్ట్ సర్వర్ ఉన్న చోట దాని మీద నడిపి, ఆయా సిస్టమ్‌ల మ్యాన్ పేజీలు (సిస్టమ్‌తో వచ్చే మాన్యువల్) పక్కపక్కన పెట్టి చదివాం. చాలావాటిలో తేడా ఉంది. కొన్ని తేడాలు చిన్నవి, కొన్ని చూసి చెమటలు పట్టాయి.

కిల్‌ఆల్ సంగతి పాతవాళ్ళకు తెలిసిందే. లినక్స్‌లో అది పేరు చెప్పిన ప్రాసెస్‌లను ఆపుతుంది. సొలారిస్‌లో అది షట్‌డౌన్ సమయంలో నడుస్తున్న ప్రాసెస్‌లన్నిటినీ ఆపడానికి పెట్టిన కమాండ్. రెండిట్లోనూ పనిచేసేది పీకిల్, మా పేజీలో ఇప్పుడు అదే ఉంది. హోస్ట్‌నేమ్ మైనస్ ఎఫ్ ఇంకొకటి. లినక్స్‌లో సర్వర్ పూర్తి పేరు చూపిస్తుంది. సొలారిస్ 10లో రూట్‌గా కొడితే ఆ సర్వర్ పేరునే 'మైనస్ ఎఫ్' అని మార్చేస్తుంది! చూడటానికని కొట్టిన కమాండ్ మార్చే కమాండ్ అయిపోయింది. పనులను టైమ్ ప్రకారం నడిపే క్రాన్‌లో ఐదు నిమిషాలకోసారి అని చెప్పడానికి లినక్స్ వాళ్ళు రాసే 'స్టార్ స్లాష్ 5' సొలారిస్ 10కీ ఏఐఎక్స్‌కీ అర్థం కాదు. అక్కడ 0, 5, 10, 15 అంటూ 55 దాకా అన్నీ రాయాల్సిందే. ఫైల్‌లోని మాటలను మార్చే సెడ్‌కు మైనస్ ఐ ఇస్తే లినక్స్‌లో ఫైల్‌ను అక్కడికక్కడే మారుస్తుంది. ఫ్రీబీఎస్‌డీలోనూ మ్యాక్‌ఓఎస్‌లోనూ మైనస్ ఐ తర్వాత వచ్చే మాటను బ్యాకప్ ఫైల్‌కు తగిలించాల్సిన తోకగా తీసుకుంటుంది.

విండోస్‌లో ఇలాంటివి ఉండవని మా లినక్స్ వాళ్ళలో కొందరి నమ్మకం, కమాండ్లన్నీ వేరే కాబట్టి. ఉన్నాయి. సర్వీసులను నియంత్రించే ఎస్‌సీ అనే పాత ప్రోగ్రామ్ ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్‌సీ స్టాప్ అని సర్వీస్ పేరు ఇస్తే ఆ సర్వీస్ ఆగుతుంది. అదే లైన్‌ను విండోస్ పవర్‌షెల్ 5.1లో కొట్టండి. అక్కడ ఎస్‌సీ అంటే సెట్ కంటెంట్ అనే వేరే కమాండ్‌కు ముద్దుపేరు. అది మీరున్న ఫోల్డర్‌లో 'స్టాప్' అనే ఫైల్ తయారు చేసి, అందులో సర్వీస్ పేరు రాసి, ఏమీ అనకుండా ప్రాంప్ట్ తిరిగి ఇస్తుంది. కొట్టినవాడు సర్వీస్ ఆగిందనుకుంటాడు. మా టెస్ట్ సర్వర్‌లో వెతికితే 'స్టాప్', 'క్వెరీ' అనే పేర్లతో అలాంటి ఫైళ్ళు నిజంగానే దొరికాయి. ఎవరు ఎప్పుడు కొట్టారో, ఏ సర్వీస్ ఆగిందనుకుని ముందుకు వెళ్ళారో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఆ ఫైళ్ళను చూసినప్పుడు నాకు టార్ ప్రమాదం కన్నా ఎక్కువ బాధ కలిగింది. పవర్‌షెల్ 6 నుంచి ఆ ముద్దుపేరు తీసేశారు గానీ, విండోస్ సర్వర్లతో ఇప్పటికీ వచ్చేది 5.1. ఎస్‌సీ డాట్ ఈఎక్స్‌ఈ అని పూర్తిగా రాయాలి, లేదా స్టాప్ సర్వీస్ వాడాలి.

అంకె ఒకటే, అర్థం వేరు

కమాండ్ ఒకటే ఉండి, అది చూపించే అంకెకు అర్థం వేరైతే దాన్ని పట్టుకోవడం ఇంకా కష్టం. అది మాకు లోడ్ యావరేజ్ (సర్వర్ మీద ఎంత పని ఉందో చెప్పే సగటు) దగ్గర ఎదురైంది. పట్టికలో 'లోడ్: అప్‌టైమ్. విండోస్ తప్ప అన్నిటికీ ఇదే' అని ఉంది. కమాండ్ నిజంగానే ఒకటే, అవుట్‌పుట్ కూడా ఒకేలా ఉంటుంది, మూడు అంకెలు. సొలారిస్‌లోనూ ఏఐఎక్స్‌లోనూ ఏళ్ళు గడిపిన ఒక సీనియర్ ఒకరోజు లినక్స్ సర్వర్‌లో లోడ్ 40 చూసి, ప్రాసెసర్లు చాలడం లేదు, పెంచాలి అని రాసిచ్చారు. ఆయన అనుభవం ప్రకారం అది సరైన మాటే. అక్కడ ఆ అంకె ప్రాసెసర్ కోసం నిలబడ్డ వరుస. లినక్స్ మాత్రం డిస్క్ కోసమో నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ కోసమో కదలకుండా ఎదురుచూస్తున్న ప్రాసెస్‌లను కూడా ఆ అంకెలో కలుపుతుంది. ప్రాసెస్‌ల జాబితా చూపించే పీఎస్‌లో స్థితి గడిలో 'డీ' అని కనిపించేవి అవే. ఆ రోజు ఒక ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్) సర్వర్ స్పందించడం ఆగిపోయింది, నలభై ప్రాసెస్‌లు దాని ముందు ఇరుక్కున్నాయి, ప్రాసెసర్లు మాత్రం దాదాపు ఖాళీగా ఉన్నాయి. ఎన్ని ప్రాసెసర్లు చేర్చినా ఆ 40 దిగేది కాదు.

ఫ్రీ మెమరీ కూడా అంతే. లినక్స్‌లో ఫ్రీ అనే గడి చిన్నగా కనిపిస్తే భయపడక్కర్లేదు, మిగిలిన మెమరీని అది ఫైళ్ళ క్యాష్‌కు వాడుకుంటుంది. చూడాల్సింది అవైలబుల్ అనే గడి. ఈ ఒక్క వాక్యం గైడ్‌లో లేక ఎన్ని టికెట్లు అనవసరంగా తెరిచామో!

కొత్త గైడ్

మొదట అందరికీ వచ్చిన ఆలోచన, పట్టికను సరిదిద్దుదాం, తప్పు గడులు విడగొడదాం అని. నేను ఒప్పుకోలేదు. పట్టిక ఆకారంలోనే ఒక అబద్ధం ఉంది. పక్కపక్క గడుల్లో రెండు కమాండ్లు పెడితే, అవి ఒకదానికొకటి సమానం అని చదివేవాడి కన్ను తనంతట తానే నమ్మేస్తుంది. తేడా రాయడానికి గడిలో చోటుండదు. చోటు లేనప్పుడు రాసేవాడు తేడాను వదిలేస్తాడు.

అందుకని పనికి ఒక పేజీ చేశాం. పేజీ పేరు కమాండ్ పేరు కాదు, రాత్రి 2 గంటలకు మనిషి అడిగే ప్రశ్న. 'డిస్క్ నిండిపోయింది', 'సర్వీస్ లేవడం లేదు', 'పాత ఫైల్ బ్యాకప్ నుంచి చూడాలి'. ప్రతి పేజీలో మొదటి లైన్ ఒకటే: నువ్వు ఏ సిస్టమ్ మీద ఉన్నావో ముందు చూసుకో. యూనేమ్ మైనస్ ఎస్ఆర్ కొడితే లినక్స్, ఏఐఎక్స్, ఫ్రీబీఎస్‌డీ తమ పేర్లే చెబుతాయి. సొలారిస్ 10 మాత్రం సన్‌ఓఎస్ 5.10 అంటుంది, మ్యాక్‌ఓఎస్ డార్విన్ అంటుంది. ఇది చిన్నపిల్లలకు చెప్పినట్టుందని మొదట్లో కొందరికి నచ్చలేదు. పది విండోలు తెరుచుకుని ఉన్నప్పుడు తప్పు విండోలో కమాండ్ కొట్టని అడ్మిన్‌ను నేను ఇంతవరకు చూడలేదు, అందుకే ఆ లైన్ తీయలేదు. దానితో పాటు అన్ని సర్వర్లలోనూ ప్రాంప్ట్‌లోకి ఆపరేటింగ్ సిస్టమ్ పేరు తెచ్చాం.

ఆ తర్వాత పేజీ రెండు భాగాలు. చూసే కమాండ్లు ముందు, మార్చే కమాండ్లు తర్వాత, మధ్యలో ఒక గీత. గీత దాటే ముందు ఇంకొకరికి చెప్పాలి, అదే నియమం. చూసే కమాండ్లలో కూడా హోస్ట్‌నేమ్ లాంటి ప్రమాదం ఉన్నవి గీత కిందికే వెళ్ళాయి. ప్రతి కమాండ్ కింద అసలు అవుట్‌పుట్ అతికించాం, ఎలా కనిపించాలో తెలియకపోతే తప్పు జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది? తమ్ముడికి ఆ రాత్రి ఖాళీ డైరెక్టరీ కనిపించింది. విప్పాక ఫైళ్ళు ఇలా కనిపించాలి, కనిపించకపోతే వెంటనే ఆగు, ఎవరికైనా ఫోన్ చెయ్యి అని ఒక్క లైన్ ఉండి ఉంటే, రాత్రి 11:41కే విషయం బయటపడేది.

పేజీ చివర మూడు విషయాలు ఉంటాయి: వెనక్కి రావడం ఎలా, ఏ వెర్షన్ మీద పరీక్షించాం, ఎప్పుడు పరీక్షించాం. వెర్షన్ రాయడం ఎందుకంటే సిస్టమ్‌లు మారుతూనే ఉంటాయి. లినక్స్ రకాల్లో రెడ్ హ్యాట్ 2014లో వెర్షన్ 7తో, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీకి మారింది, 2015లో డెబియన్ 8, ఉబుంటు 15.04 కూడా మారాయి. దానికి ముందు రాసిన సర్వీస్ పేజీలు ఒక్కరోజులో పాతబడ్డాయి. మ్యాక్‌ఓఎస్ 2019లో మామూలుగా వచ్చే షెల్‌ను (మనం కొట్టే కమాండ్లు తీసుకునే ప్రోగ్రామ్‌ను) జెడ్‌షెల్‌కు మార్చింది. 'లినక్స్‌లో ఇలా' అని తేదీ లేకుండా రాసిన వాక్యాన్ని ఎన్నాళ్ళు నమ్మాలో ఎవరికీ తెలియదు.

'డిస్క్ నిండిపోయింది' పేజీ

ఒక్క పేజీని దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే పట్టికలో ఇది రెండు అడ్డ వరుసలు, ఇప్పుడు నాలుగు పేజీల పొడవు.

లినక్స్ భాగంలో డీఎఫ్ మైనస్ హెచ్ తర్వాత వెంటనే డీఎఫ్ మైనస్ ఐ ఉంటుంది. చోటు ఉన్నా ఐనోడ్లు అయిపోతే కొత్త ఫైల్ పుట్టదు, ఎర్రర్ మాత్రం చోటు లేదనే చెబుతుంది. లక్షల కొద్దీ చిన్న ఫైళ్ళు పోగయ్యే మెయిల్ క్యూలు, సెషన్ డైరెక్టరీల దగ్గర ఇది జరుగుతుంది. ఏఐఎక్స్‌లో డీఎఫ్ మైనస్ జీ ఒక్కటే రెండు శాతాలూ పక్కపక్కన చూపిస్తుంది, ఏది ఏదో పేజీలో అవుట్‌పుట్ మీద గుర్తు పెట్టాం.

తర్వాత, పెద్ద లాగ్ ఫైల్ తీసేసినా చోటు తిరిగి రాని సందర్భం. యూనిక్స్ కుటుంబంలో తెరిచి ఉన్న ఫైల్‌ను తీసేస్తే పేరు పోతుంది, దాన్ని పట్టుకున్న ప్రాసెస్ వదిలేదాకా చోటు పోదు. లినక్స్‌లో ఎల్‌ఎస్‌ఓఎఫ్ ప్లస్ ఎల్1 అలాంటివాటిని చూపిస్తుంది. అందుకే నడుస్తున్న లాగ్‌ను తీసేయొద్దు, ఖాళీ చెయ్యి అని పేజీలో పెద్ద అక్షరాలతో ఉంది. విండోస్‌లో దీనికి తలకిందులు, ప్రోగ్రామ్ పట్టుకున్న ఫైల్‌ను సాధారణంగా తీసేయనివ్వనే ఇవ్వదు. ఒక చోట అలవాటైనవాడు రెండో చోట 'తీసేయనిచ్చింది కాబట్టి ఎవరూ వాడటం లేదు' అనుకుంటే మునిగినట్టే.

సొలారిస్ మీద జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఉన్న చోట ఇంకో కోణం. ఫైళ్ళు తీసేస్తావు, ప్రాసెస్‌లు కూడా ఆపుతావు, చోటు మాత్రం అంగుళం రాదు, ఎందుకంటే స్నాప్‌షాట్లు (ఒక క్షణంలో ఫైళ్ళు ఎలా ఉన్నాయో దాచిన ప్రతులు) ఆ బ్లాకులను పట్టుకుని ఉంటాయి. జెడ్‌ఎఫ్‌ఎస్ లిస్ట్‌కు మైనస్ ఓ స్పేస్ ఇస్తే స్నాప్‌షాట్లు ఎంత తింటున్నాయో విడిగా కనిపిస్తుంది. ఫ్రీబీఎస్‌డీ సర్వర్ల మీద కూడా జెడ్‌ఎఫ్‌ఎస్ ఉంది కాబట్టి ఆ భాగం రెండిటికీ ఒకటే. ఇది మేం పరీక్షించి మరీ కలిపిన గడి.

మార్చే కమాండ్ల దగ్గర ఏఐఎక్స్ వాళ్ళను చూస్తే ముచ్చటేస్తుంది. సీహెచ్‌ఎఫ్‌ఎస్‌కు మైనస్ ఏ సైజ్ ఈక్వల్స్ ప్లస్ 2జీ అని ఇస్తే వాల్యూమ్ గ్రూప్‌లో (డిస్కులను కలిపిన గుంపులో) చోటు ఉన్నంతలో ఫైల్ సిస్టమ్ అప్పటికప్పుడే పెరుగుతుంది, లోపల ఉన్న లాజికల్ వాల్యూమ్‌తో (ఆ గుంపులోంచి దానికి ఇచ్చిన ముక్కతో) సహా. లినక్స్‌లో ఎల్‌వీఎక్స్‌టెండ్‌కు మైనస్ చిన్న ఆర్ ఇస్తేనే ఫైల్ సిస్టమ్ కూడా పెరుగుతుంది, మరిచిపోతే వాల్యూమ్ మాత్రమే పెరిగి డీఎఫ్ అక్కడే నిలబడుతుంది. అక్కడే వెనక్కి రావడం గురించి కూడా రాశాం: ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌ను పెంచాక తగ్గించుకోవచ్చులే అని అనుకోవద్దు. విండోస్ భాగంలో ఒకే హెచ్చరిక, విండోస్ తన భాగాలను దాచుకునే విన్‌ఎస్ఎక్స్ఎస్ ఫోల్డర్ పెద్దగా కనిపించిందని చేత్తో తీసేయకూడదు, దానికి డిస్మ్ అనే టూల్‌లో క్లీనప్ ఉంది.

మౌనంగా కూర్చోవడం

గైడ్ రాయడం కన్నా దాన్ని పరీక్షించిన పద్ధతే నాకు ఎక్కువ నేర్పింది. పేజీ రాసినవాళ్ళు కాకుండా, ఆ సిస్టమ్ తెలియనివాళ్ళు టెస్ట్ సర్వర్ మీద ఆ పేజీ చూసి పని పూర్తి చేయాలి. రాసినవాళ్ళు పక్కనే కూర్చోవాలి, నోరు తెరవకూడదు. అవతలివాళ్ళు ఎక్కడ ఆగారో, ఎక్కడ తల గోక్కున్నారో, ఎక్కడ ఇంకో విండో తెరిచి వెతికారో రాసుకోవాలి.

నేను రాసిన 'సర్వీస్ లేవడం లేదు' పేజీని మా విండోస్ అమ్మాయి సొలారిస్ మీద పరీక్షించింది. మొదటి అడుగు ఎస్‌వీసీఎస్ మైనస్ ఎక్స్‌వీ. ఏ సర్వీస్ ఎందుకు ఆగిందో, దాని వల్ల ఇంకేం ఆగాయో, లాగ్ ఎక్కడుందో మాటల్లో చెప్పే మంచి కమాండ్ అది. అక్కడిదాకా చకచకా వెళ్ళింది. రెండో అడుగులో 'మెయింటెనెన్స్ స్థితిని క్లియర్ చెయ్యి' అని రాశాను. ఆమె ఆగింది. నాకు మెయింటెనెన్స్ అంటే సర్వీస్ పదే పదే పడిపోతుంటే సొలారిస్ దాన్ని పక్కన పెట్టిందని అర్థం. ఆమెకు మెయింటెనెన్స్ అంటే ఎవరో కావాలని పని కోసం ఆపి పెట్టారని అర్థం, ముట్టుకోకూడదని అర్థం! ఆమె జాగ్రత్తే సరైనది, నా వాక్యమే చాలలేదు. పదిహేనేళ్ళుగా ఆ మాట వాడుతున్నాను, దానికి ఇంకో అర్థం ఉంటుందని తట్టనే లేదు. ఇప్పుడు ఆ పేజీలో ఆ మాట పక్కన రెండు లైన్ల వివరణ ఉంది, అది ఆమె రాసిందే.

చూసే కమాండ్ల వరకు మాత్రం ఒక స్క్రిప్ట్ వారానికోసారి టెస్ట్ సర్వర్ల మీద నడిపి, అవుట్‌పుట్ ఆకారం మారిందేమో పోల్చి చెబుతుంది. మార్చే కమాండ్లను ఆటోమేషన్‌కు అప్పగించాక ఈ గైడ్ ఎందుకని అడిగినవాళ్ళు ఉన్నారు. మేమూ ఆన్సిబుల్ అనే ఆటోమేషన్ టూల్ వాడతాం, రోజువారీ మార్పులు దానితోనే చేస్తాం. అది పనిచేయని రోజున మనిషి చేత్తో చేయాలి, ఆ రోజు కోసమే ఈ పేజీలు. అదే కారణంతో గైడ్ కాపీ ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ ఉంటుంది, రోజూ తనంతట తానే తాజా అవుతుంది. పాత పట్టిక ఉన్న సర్వర్ మేం చూసుకునే సర్వర్లలో ఒకటి. అది పడిపోతే దాన్ని లేపే పద్ధతి అందులోనే ఉండేది.

మ్యాన్ పేజీలను గైడ్‌లోకి కాపీ చేయలేదు. యూనిక్స్ మొదటి మాన్యువల్ 1971 నవంబర్‌లో వచ్చినప్పటి నుంచి ఆ సంప్రదాయం నిలిచి ఉంది, ఆప్షన్ల గురించి అంతకంటే బాగా మేం రాయలేం. ఏ పేజీ చూడాలో మాత్రం చెబుతాం. అడ్మిన్ కమాండ్లు లినక్స్‌లో 8వ విభాగంలో, సొలారిస్ 10లో 1ఎం విభాగంలో ఉంటాయి, అది తెలియకపోతే వెతుకులాటే. సొలారిస్ 10లో ఒకే కమాండ్‌కు రెండు మూడు రూపాలు వేర్వేరు డైరెక్టరీల్లో ఉంటాయన్నది కూడా మొదటి పేజీలోనే రాశాం. యూఎస్ఆర్ బిన్‌లో ఉన్న ఐడీ కమాండ్‌కు మైనస్ యూ తెలియదు, ఎక్స్‌పీజీ4 బిన్‌లో ఉన్నదానికి తెలుసు. స్క్రిప్ట్ నీ దగ్గర నడిచి క్రాన్‌లో నడవకపోవడానికి అక్కడ పాత్ వరుసే (కమాండ్‌ను ఏ డైరెక్టరీలో ముందు వెతకాలో చెప్పేది) చాలాసార్లు కారణం.

టార్ పేజీ ఇప్పుడు

'పాత ఫైల్ బ్యాకప్ నుంచి చూడాలి' అనే పేజీని మొదట రాసింది ఆ తమ్ముడే. నేను అడగలేదు, తనే తీసుకున్నాడు. మొదటి అడుగు టార్ టీఎఫ్, విప్పకుండా లోపలి పేర్లు చూడటం. పేర్లు స్లాష్‌తో మొదలైతే ఆగు. సొలారిస్‌లో అయితే గ్నూ టార్ ఉందేమో చూడు, సొలారిస్ 10లో అది యూఎస్ఆర్ ఎస్ఎఫ్‌డబ్ల్యూ బిన్‌లో జీటార్ పేరుతో ఉంటుంది. అది లేకపోతే టార్ లాంటిదే అయిన పాక్స్ వాడు, మైనస్ ఎస్‌తో మొదటి స్లాష్‌ను తీసేసి విప్పు. పాక్స్ అంటే చాలామందికి తెలియదు గానీ యూనిక్స్ సిస్టమ్‌ల ఉమ్మడి నియమాలైన పోసిక్స్ ప్రమాణంలో ఉన్నది అదే. టార్‌ను 2001 ఎడిషన్‌లోనే ఆ ప్రమాణం నుంచి తీసేశారు. అందరూ వాడే కమాండ్ కాబట్టి అందరి దగ్గరా ఒకేలా ఉంటుందని మేం అనుకున్నాం, నిజానికి దాన్ని ఒకేలా ఉంచమని చెప్పే ప్రమాణమే ఇప్పుడు లేదు.

బ్యాకప్ స్క్రిప్ట్ కూడా మార్చాం. ఇప్పుడు అది ముందు రూట్ డైరెక్టరీకి వెళ్ళి, స్లాష్ లేని పేర్లతో ఆర్కైవ్ చేస్తుంది. అయినా పేజీలో మొదటి అడుగు తీయలేదు. పాత స్క్రిప్ట్ చేసిన ఆర్కైవ్‌లు ఇంకా నిల్వలో ఉన్నాయి, వాటిని ఏదో ఒక రోజు ఎవరో ఒకరు విప్పుతారు.

ఇంకా పూర్తికాని పని ఒకటుంది. ఏఐఎక్స్ భాగంలో నాలుగు పేజీల కింద పరీక్షించిన తేదీ గడి ఖాళీగా ఉంది. మాకున్న ఏఐఎక్స్ సర్వర్లన్నీ అసలు పనిలో ఉన్నవే, టెస్ట్‌కు ఒక్కటీ లేదు. వాటి మీద మార్చే కమాండ్లు సరదాకి నడపలేం. తేదీ లేని పేజీ తెరిస్తే పైన ఎర్ర పట్టీలో 'పరీక్షించలేదు, ఒంటరిగా చేయొద్దు' అని వస్తుంది. ఒక చిన్న లాజికల్ పార్టిషన్ (సర్వర్‌లో విడి సర్వర్‌లా నడిచే భాగం) ఇమ్మని అడిగి రెండు నెలలైంది. అది వచ్చిన రోజు ఆ నాలుగు పేజీలూ తమ్ముడు నడుపుతాడు, రాసిన సీనియర్ పక్కన కూర్చుంటారు, మాట్లాడకుండా.